లక్క గట్టిపడేదాకా

ఇటుక పొడిని బిషన్ కౌర్ రెండుసార్లు జల్లెడ పట్టింది. మూడోసారి తన పాత మల్లు చున్నీని గిన్నె మూతికి కట్టి, దాని మీద పొడి పోసి, వేళ్ళతో మెల్లగా తడుతూ కిందికి దించింది. దిగిన పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసింది. గరుకు తగల్లేదు. ఒక్క నలుసు మిగిలినా కత్తి మీద గీత పడుతుంది. ఆ గీత వెంటే మరుసటి ఏడాది తుప్పు మొదలవుతుంది.

"మూడు రోజుల్నించి జల్లిస్తూనే ఉన్నావత్తా. ఇంకాస్తయితే గాలికి లేచిపోతుంది," అంది కోడలు మేజో. కొలిమి పక్కన కూర్చుని తిత్తికి పడిన చిల్లు కుడుతోంది. అసలు పేరు గుర్మేజ్ కౌర్. ఆ పేరుతో పిలిచేది రేషన్ షాపువాడొక్కడే.

"లేచి వచ్చి నీ నోట్లో పడుతుంది. కాసేపు మూసుకుని కుట్టు."

మేజో నవ్వింది. బిషన్ కౌర్ గోడవారన సరంజామా అంతా మరోసారి చూసుకుంది. ఆవనూనె డబ్బా, అన్నభేది పొట్లం, తోలు ముక్కలు, పాత దుప్పట్లు. ఏటా హోలా పండగకి ఇరవై రోజుల ముందు, సిక్కు యోధులైన నిహంగుల విడిది ఛావనీ నుంచి టెంపో వచ్చి, కత్తులకి మెరుగుపెట్టే సికలీగర్లయిన వాళ్ళ గుమ్మం ముందు ఆగేది. నీలం చోగాల్లో ఇద్దరు దిగి, దుప్పట్లలో చుట్టిన కత్తుల కట్టలు అరుగు మీద పెట్టి, "సికలీగర్! నీ సైన్యం వచ్చింది, లేపు!" అని కేకేసేవాళ్ళు. ఆమె భర్త తోతా సింగ్ లోపల్నుంచి గోడ పట్టుకుని వచ్చి, వంగి, ఆ కట్టలకి నుదురు తాకించేవాడు.

ఆయన పోయి నాలుగు నెలలైంది. ఇది ఆయన లేని మొదటి హోలా.

పదిన్నర దాటాక టెంపో చప్పుడు వినిపించింది. బిషన్ కౌర్ చేతులు దులుపుకుని, చున్నీ తల మీదికి లాక్కుని గుమ్మంలోకి వచ్చింది. ఛావనీ బండే. వెనకాల నీలం గుడ్డ కప్పి ఉంది. గుంతలో చక్రం పడినప్పుడు గుడ్డ కింద నుంచి ఆ చప్పుడు వచ్చింది. గిన్నెల చప్పుడు కాదు, గొలుసుల చప్పుడూ కాదు. దుప్పట్లో ఉక్కు మీద ఉక్కు కదిలే చప్పుడు. పాతికేళ్ళుగా నిద్రలో కూడా పోల్చుకోగల చప్పుడు.

టెంపో ఆగలేదు. వాళ్ళ ఇల్లు దాటి, సికలీగర్ల బస్తీ చివర రేకుల షెడ్డు దాటి, పెద్ద రోడ్డెక్కి రూప్‌నగర్ వైపు తిరిగింది.

"మర్చిపోయాడేమో. కొత్త డ్రైవరేమో," అంది మేజో లేచి నిలబడి.

బిషన్ కౌర్ ఇటుక పొడి గిన్నె మీద మూత పెట్టి, చెప్పులేసుకుని ఛావనీ వైపు నడిచింది.

ఛావనీలో గుర్రాలకి స్నానం చేయిస్తున్నారు. బురద నీళ్ళు కాలవ కట్టి గేటు దాకా పారుతున్నాయి. జగ్‌తార్ సింగ్ మోకాళ్ళ దాకా బట్టలు ఎగ్గట్టి ఒక ఎర్ర గుర్రం మెడ రుద్దుతున్నాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఛావనీ పెద్ద బాబా కేహర్ సింగ్ చలికాలమంతా నాందేడ్‌లో ఉండిపోవడంతో ఇక్కడి పనులన్నీ ఈయన చేతికొచ్చాయి. పని చేసే మనిషే. పనులు చేతికొచ్చిన ఈ నాలుగు నెలల్లో గుర్రాల పాకకి కొత్త రేకులు వేయించాడు, వంటశాలకి నీళ్ళ మోటారు పెట్టించాడు.

"సత్ శ్రీ అకాల్ చాచీ. రండి రండి. టీ తాగుతారా?"

"కత్తులు ఎక్కడికెళ్ళాయి జగ్‌తార్?"

జగ్‌తార్ సింగ్ గుర్రం మెడ వదిలిపెట్టలేదు. "చెబుదామనే అనుకున్నాను. లూధియానాలో ఒకతను ఉన్నాడు చాచీ. పెద్ద హోటళ్ళ మెట్ల రెయిలింగులన్నీ అతనే పాలిష్ చేస్తాడు. మిషను. ముఖం చూసుకోవచ్చు. రెండు రోజుల్లో అయిపోతుంది. తోతా సింగ్ చాచా ఉంటే నేను అటు చూసేవాణ్ణే కాదు. ఇప్పుడు మీ ఇంట్లో ఆ పని చేసే చెయ్యి లేదు కదా."

"చెయ్యి ఉంది."

"ఎవరిది? మీ అబ్బాయా? వాడు సంతల్లో బకెట్లు అమ్ముకుంటున్నాడుగా."

"నాది."

అతను నవ్వాడు. ఎగతాళిగా కాదు. పెద్దామెతో మాట్లాడేటప్పుడు నవ్వే నవ్వు. "ఇటుక పొడి పెట్టి రుద్దడం మీకు వచ్చని నాకూ తెలుసు చాచీ. పిడి బిగించడం, అలుగు సరిచేయడం వేరు. గుర్రం మీద పరిగెత్తుతూ తిప్పే కత్తి అది. ఆడవాళ్ళ చేతి పని మీద నమ్మకంతో మనిషి తిప్పుతాడా?"

మాట ఆమె నాలుక మీదికి వచ్చింది. ఒక్క వాక్యం చాలు. తొమ్మిదేళ్ళుగా మీరంతా తిప్పుతున్నది నా చేతి పనే నాయనా. అంటే అయిపోతుంది.

కానీ అనగానే ఇంకోటి కూడా అయిపోతుంది. ప్రతి హోలాకీ దర్బారులో, అంతమంది ముందు, తల వంచి నిలబడ్డ ఆయన మెడలో బాబా కేహర్ సింగ్ గౌరవంగా వేసిన కాషాయం గుడ్డ, ఆ సిరోపా ఉంది చూశారా, అది అబద్ధమైపోతుంది. తొమ్మిది సిరోపాలు. చనిపోయినవాడు తిరిగొచ్చి జవాబు చెప్పుకోలేడు.

"టీ వద్దులే," అంది.

ఇంటికొచ్చేసరికి మేజో కొలిమి ఆర్పేసింది. బిషన్ కౌర్ ముఖం చూసి అడగకుండానే తెలుసుకుంది. అయినా అడిగింది.

"చెప్పావా?"

"ఏం చెప్పాలి?"

"ఏం చెప్పాలా! మావయ్యకి చూపు పోయిందని, ఎండకీ నీడకీ తేడా తెలియని మనిషని, కత్తులు ముట్టుకుని దణ్ణం పెట్టడం తప్ప ఏమీ చేయలేదని. నేను ఈ ఇంటికొచ్చి నాలుగేళ్ళైంది. ఈ నాలుగేళ్ళూ తిత్తి కొట్టింది నేను, పిడి బిగించింది నువ్వు. ఆయన మంచం మీద కూర్చుని 'అయిందా? అయిందా?' అని అడిగేవాడు."

"ఇంకా గట్టిగా అరువు. బస్తీ అంతా వింటుంది."

"విననీ!"

"మెడలో వేసిన గుడ్డ, మనిషి పోయాక లాక్కోమంటావా?" అంది బిషన్ కౌర్. గొంతు పెంచలేదు. "పెంచుకున్న మీసం లాంటిదే అది. ఆయనకి మిగిలింది అదొక్కటే."

మేజో సూది దారం చేతిలోకి తీసుకుని, కుట్టేసిన చిల్లునే మళ్ళీ కుట్టింది.

హోలాకి రెండు రోజుల ముందు కత్తులు తిరిగొచ్చాయి. గుర్రాల మీద మహల్లా ఊరేగింపు ఎల్లుండి. ఊళ్ళోకి దారులన్నీ ట్రాక్టర్లతో, లారీలతో, నెత్తిన మూటలు పెట్టుకుని నడిచొచ్చే వాళ్ళతో నిండిపోయాయి. బస్తీ ఆడవాళ్ళు దర్బారుకి వెళ్తుంటే బిషన్ కౌర్ కూడా కోడలితో కలిసి బయల్దేరింది.

గురు గ్రంథ్ సాహిబ్ ముందు, నీలం పట్టు పరిచిన పీటల మీద ముప్ఫై ఒక్క కత్తులు వరసగా పెట్టారు. పూల రెక్కలు చల్లారు. కిటికీ వెలుగు వాటి మీద పడి, పైకప్పు మీద తెల్లటి మచ్చలై కదులుతోంది. తల వంచి మొక్కి లేచిన ప్రతివాళ్ళూ ఒక క్షణం ఆగి చూస్తున్నారు.

"అబ్బ! ఏం మెరుపు," అంది బస్తీలో వాళ్ళ పక్కింటామె. "ఏమాటకామాట బిషనో, తోతా సింగ్ చేతిలో ఇంత మెరుపు వచ్చేది కాదు."

బిషన్ కౌర్ మొక్కి, మోకాళ్ళ మీదే ఉండిపోయింది. ఆమె ముందున్నది వాటన్నిట్లోకీ పాత కత్తి. అబ్దాలీ సైన్యం వెంటపడ్డ రోజుల్లో, ఆడవాళ్ళనీ పిల్లల్నీ మధ్యలో పెట్టుకుని చుట్టూ నిలబడి పోరాడినవాళ్ళ చేతుల్లో ఉన్నదని ఛావనీలో చెప్తారు. దాని ఉక్కులో సన్నటి అలలుండేవి. పారే నీళ్ళ మీద గాలి వీచినట్టు. ఏటా ఆ అలలు చెరగకుండా అన్నభేది నీళ్ళతో తడిపి, తడిపి, తుడిచేది. ఇప్పుడు అక్కడ అలలు లేవు. అద్దం ఉంది. అద్దంలో ఆమె ముఖం ఉంది.

పోనీలే, అనుకుంది. అలలు మళ్ళీ తేవచ్చు. ఒక వర్షాకాలం పట్టినా తేవచ్చు.

లేవబోతుంటే పిడి కనిపించింది. పిడికీ అలుగుకీ కలిసే చోట నల్లటి చుక్క, ఆవగింజంత. పక్క కత్తికి చూసింది. దానికి రెండు చుక్కలు. ఆ పక్కదానికి సన్నటి ధారలాగా కారి గట్టిపడింది. నాలుగోదానికి పిడి ఒక వెంట్రుక వాసి పక్కకి ఒరిగింది.

ఆమెకి అర్థమైంది.

అలుగు వెనక కొసని తోక అంటారు. అది పిడి బోలులో నిలిచేది లక్క మీదే. లక్కా, ఇటుక పొడీ కలిపి కరిగించి పిడిలో పోసి, కాల్చిన తోకని అందులో దించితే, చల్లారాక రాయవుతుంది. ఎంత విసిరి తిప్పినా కదలదు. కానీ వేడి తగిలితే లక్క లక్కే. మిషను చక్రం మీద పెట్టి మెరుపు వచ్చేదాకా రుద్దితే అలుగు వేడెక్కుతుంది. ఆ వేడి తోకలోకి, తోకలోంచి పిడిలోకి వెళ్తుంది. హోటల్ రెయిలింగులు పాలిష్ చేసేవాడికి ఆ సంగతి తెలియాల్సిన పని లేదు. రెయిలింగులకి పిడి ఉండదు.

"అత్తా, ఏంటి? నడుము పట్టిందా?" అని మేజో వంగింది.

"కత్తుల పిడులు వదులైపోయాయే," అంది బిషన్ కౌర్ పెదాలు కదలకుండా.

జగ్‌తార్ సింగ్ వరండాలో బంతిపూల దండలు దించుకుంటున్నాడు. ఆమె పక్కకి పిలిచి చెప్పింది. అతను విన్నాడు. వినేకొద్దీ ముఖంలో ఓపిక తగ్గుతూ వచ్చింది.

"చాచీ, పని పోయిందన్న బాధ నాకు అర్థమవుతుంది."

"నా బాధ ఇక్కడ పెట్టకు. ఒక చెక్క తీసుకుని పిడి అడుగున తట్టి విను. బిగువుగా ఉంటే గంటలా మోగుతుంది. లేకపోతే కుండలా పలుకుతుంది. నువ్వే విను."

"ఎలా తట్టను? పొద్దున్నే అర్దాస్ ప్రార్థన అయిపోయింది. గురువు ముందు పెట్టిన ఆయుధాన్ని మహల్లాకి తప్ప మధ్యలో ఎవరైనా తీస్తారా? నిహంగుల ఇంటి కోడలు కాకపోయినా ఆ మాత్రం మీకు తెలీదా?"

తెలుసు. అందుకే అతని మీద ఆమెకి కోపం రాలేదు. ఆ స్థానంలో తానున్నా అంతే అనేది.

"నువ్వు కూడా సవారీ చేస్తున్నావా జగ్‌తార్?"

"ముందు వరసలో."

"దారికి రెండు పక్కలా పిల్లల్ని భుజాలకెత్తుకుని నిలబడతారు."

అతను ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో దండ కట్టినవాడు "ఇంకా రెండు బుట్టలున్నాయి వీర్‌జీ!" అని అరిచాడు. "బాబాజీ రేపు పొద్దున్న బండికి దిగుతారు. కావాలంటే ఆయనతో చెప్పుకోండి," అని అతను అటు వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చే దారిలో మేజో అడిగింది. "బాబాజీ మాత్రం నమ్ముతారా? ఆయనా ఇదే అడుగుతారు. తోతా సింగ్ చెప్పాడంటే వినేవాణ్ణి, నీకేం తెలుసు అంటారు."

"అంటారు."

"అప్పుడేం చేస్తావు?"

బిషన్ కౌర్ నడుస్తూనే చెప్పింది. "మీ మావయ్యని అడుగుతా. ఆయన వద్దనడు. పోతే సిరోపా పోతుంది. పసిపిల్లాడి మెడ పోకూడదు."

పొద్దున్న బండి ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. స్టేషనంతా నీలం, కాషాయం తలపాగాలు. తనకి ఎదురు రావద్దని బాబా కేహర్ సింగ్ ఎప్పుడూ చెప్పేవాడు, అందుకే ఛావనీ నుంచి ఎవరూ రాలేదు. జనరల్ పెట్టెలోంచి ఒక్కడే దిగాడు. డెబ్బై అయిదు దాటినా వంగని మనిషి. మూరెత్తు నీలం తలపాగా, దాని చుట్టూ ఉక్కు చక్రాలు, భుజాన కంబళి, చేతిలో ఇనప గిన్నె.

బిషన్ కౌర్‌ని చూసి ఆగాడు. "ఓహో! సికలీగర్ల బీబీ. సవా లక్ష సైన్యం దిగింది, తినడానికి బాదం పప్పులేమైనా తెచ్చావా?"

ఒక్క నిహంగు సవా లక్ష మందితో సమానం, వేయించిన శనగలే బాదం పప్పులు. వాళ్ళ మాట తీరే అంత. మేజో కొంగున కట్టుకొచ్చిన శనగలు విప్పి ఇచ్చింది. ఆయన గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకుంటూ, "తోతా సింగ్ పోయాడని అక్కడ ఉత్తరం అందింది. పక్కన ఉండలేకపోయాను," అన్నాడు.

"మా అదృష్టం అంతే బాబాజీ." ఆమె చేతులు జోడించింది. "రేపటి కత్తుల పిడులు వదులైపోయాయి. మిషను వేడికి లక్క కరిగింది. గురువు ముందు పెట్టేశారు కాబట్టి జగ్‌తార్ తీయడు. మీరు తీయించండి. తీయించకపోతే రేపు ఎవరో ఒకరు పోతారు."

ఆయన శనగలు నమలడం ఆపాడు. "పిడులు వదులైపోయాయని చూసి చెప్పగలవా?"

"చెప్పగలను. తొమ్మిదేళ్ళుగా ఆ పిడులు బిగించింది ఆయన కాదు బాబాజీ. ఆయనకి చూపు లేదు. బిగించింది నేను. మీరు ఆయన మెడలో వేసినవన్నీ... నేను దాచాను. ఆయన తప్పేం లేదు. శిక్ష ఏదైనా ఉంటే నాకు వేయండి."

చెప్పేశాక ఆమెకి ఏదో దొంగిలించినట్టు అనిపించింది. ఇంట్లోంచే. నిద్రపోతున్న మనిషి తల కింద నుంచి.

బాబా కేహర్ సింగ్ ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయి మానుకున్నాడు. మిగిలిన శనగలు గిన్నెలో పోసి, "ముందు కత్తులు చూద్దాం పద," అన్నాడు. అంతే. పొడుగు కాళ్ళతో ముందు నడిచాడు.

దర్బారులో అప్పటికే జనం ఉన్నారు. ఆయన కంబళి కూడా దించకుండా గురు గ్రంథ్ సాహిబ్ ముందు నిలబడి చేతులు జోడించాడు. అందరూ లేచి నిలబడ్డారు. అర్దాస్ చేశాడు. ధర్మం కోసం తలలిచ్చినవాళ్ళని తలుచుకున్నాడు. వంట గిన్నె ఎక్కించి ఆకలి తీర్చినవాళ్ళని, కత్తి పట్టినవాళ్ళని తలుచుకున్నాడు. చివర, "నీ ముందు పెట్టిన ఆయుధాలు వేళ కాని వేళ నీ బిడ్డలు తీస్తున్నారు. వీటిని చేసిన చేతులు వీటిని అడుగుతున్నాయి. తప్పుంటే ముసలివాడినైన నా మీద వేసుకుంటాను," అన్నాడు.

వెనక నిలబడ్డ జగ్‌తార్ సింగ్ ముఖం ఎర్రబడింది.

ముందు వరసలో పెట్టిన కత్తిని బాబా కేహర్ సింగ్ రెండు చేతులా ఎత్తి నుదుటికి తాకించి వాకిట్లోకి తెచ్చాడు. వంటశాల నుంచి చెక్క గరిటె తెప్పించి పిడి అడుగున తట్టాడు. టొక్కుమంది. ఇంకోటి తెప్పించాడు. అదీ టొక్కుమంది. మూడోది మోగింది, చాలాసేపు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇది ఎవరిది?" అని మొదటి కత్తి ఎత్తాడు.

"నాది బాబాజీ," అన్నాడు జగ్‌తార్ సింగ్.

"తీసుకో. ఆ గడ్డివాము వైపు నిలబడు. ఒరేయ్, అటుపక్క ఎవరూ ఉండకండి, గుర్రాన్ని కూడా తప్పించండి. ఊఁ. రేపెలా తిప్పుతావో అలా తిప్పు."

జగ్‌తార్ సింగ్ తిప్పాడు. మంచి చెయ్యి. కత్తి తల చుట్టూ వెలుగు గీతలా తిరిగింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి మణికట్టు విరిచి ముందుకి విసిరినప్పుడు చిన్న చప్పుడైంది, ఎండుకొమ్మ విరిగినట్టు. గడ్డివాము ఊగింది. అలుగు సగం దాకా గడ్డిలో దిగిపోయింది. అతని చేతిలో పిడి మాత్రం మిగిలింది.

జగ్‌తార్ సింగ్ తన చేతి వైపు చూసుకున్నాడు. నిన్న ఆమె చెప్పిన పిల్లలు ఆ గడ్డివాము స్థానంలో కనిపించారో ఏమో, అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి వచ్చి, పిడిని బిషన్ కౌర్ చేతిలో పెట్టాడు.

"రేపటికి అవుతాయా చాచీ?"

"కూర్చుంటే అవ్వవు. బొగ్గులు తెప్పించు."

ముప్ఫై ఒక్కట్లో ఇరవై రెండు కుండలా పలికాయి. వంటశాల పొయ్యిలోంచి నిప్పులు తెచ్చి వాకిట్లోనే కొలిమి పెట్టారు. మేజో ఇంటికి పరిగెత్తి తిత్తీ, లక్కా, ఇటుక పొడి గిన్నే తెచ్చింది. జగ్‌తార్ సింగ్‌కి బిషన్ కౌర్ తడి గోనెలు చుట్టే పని అప్పజెప్పింది. అలుగుకి వేడి ఎక్కితే ఉక్కు మెత్తబడుతుంది, అందుకని పిడి దగ్గర జానెడు వదిలి మిగతాదంతా తడి గోనె చుట్టాలి.

"ఇంత గట్టిగా చాలా?"

"పసిపిల్లకి గుడ్డలు చుట్టినట్టు చుట్టు. ఎప్పుడైనా చుట్టావా?"

"లేదు."

"ముఖం చూస్తే తెలుస్తోందిలే," అంది మేజో తిత్తి కొడుతూ. జగ్‌తార్ సింగ్ చాలాసేపటి తర్వాత మొదటిసారి నవ్వాడు.

పిడిని నిప్పుల పక్కన పెట్టి వెచ్చబెట్టడం, మాడిపోయిన పాత లక్కని మేకుతో గీకి తీయడం, లోపలంతా ఊది శుభ్రం చేయడం. కొత్త లక్క కరిగి బుడగలు వస్తున్నప్పుడు పొడి కలిపి పిడిలో పోయడం. కాలిన తోకని అందులో ఒక్క ఊపులో దించడం. అక్కణ్ణుంచి అసలు పని. అలుగు నిటారుగా ఉండేలా, అంచు పిడికి సూటిగా ఉండేలా రెండు చేతులా పట్టుకుని కదలకుండా కూర్చోవాలి. లక్క గట్టిపడేదాకా. దగ్గొచ్చినా ఆపుకోవాలి. దోమ వాలినా ఊరుకోవాలి.

మధ్యాహ్నానికి పది అయ్యాయి. నిహంగులు గుర్రాల పని మధ్యలో వచ్చి చూసి పోతున్నారు. ఒక్కో కత్తినీ ఆమె చేత్తో పోల్చుకుంటోంది. దీని అంచున గొలుసు కవచం తగిలిన నొక్కు ఉంది. ఇది సత్లెజ్ ఒడ్డున ఇంగ్లీషువాళ్ళ ఫిరంగుల ముందు నిలబడినవాడిది, మూడో రోజు నదిలో దొరికిందట. ఈ పొట్టిది ఊళ్ళన్నిట్లో ఆయుధాలు లాగేసుకున్న కాలంలో తోతా సింగ్ ముత్తవ్వ పొయ్యి కింద పాతిపెట్టి, పదేళ్ళు దాని మీదే రొట్టెలు కాల్చింది. పట్టినవాళ్ళ కథలు ఛావనీలో అందరికీ తెలుసు. పొయ్యి కింద పెట్టిన ఆవిడ పేరు ఆయనక్కూడా తెలీదు.

బాబా కేహర్ సింగ్ నులకమంచం లాక్కుని కొలిమికి దగ్గరగా కూర్చున్నాడు. ఆ పాత కత్తి వంతు వచ్చింది. బిషన్ కౌర్ తోక దించి, రెండు చేతులా నిటారుగా పట్టుకుంది. ఆమె ఇక కదలలేని సమయం చూసుకున్నాడో ఏమో, అప్పుడు మొదలుపెట్టాడు.

"పొద్దున్న స్టేషన్లో ఒక మాట చెప్పావు బీబీ. అది నాకు తెలుసు."

ఆమె తల తిప్పలేదు. తిప్పితే అలుగు కదులుతుంది.

"తొమ్మిదేళ్ళ కిందట తోతా సింగ్ నా దగ్గరికొచ్చాడు. కర్ర పట్టుకుని, ఆ గేటు దగ్గర్నుంచి ఇక్కడికి రావడానికి మూడుసార్లు ఆగాడు. 'బాబాజీ, నాకు చూపు పోయింది. ఈ ఏడాది పని చేసింది మా బిషనో. నా తండ్రి చేతికంటే బిగువైన చెయ్యి. పని ఆమెకే ఇవ్వండి. కానీ పేరు నాది ఉంచండి. ఆడదాని పేరంటే మీవాళ్ళు రేపే ఇంకొకణ్ణి వెతుక్కుంటారు' అన్నాడు."

మేజో తిత్తి ఆపేసింది.

"కొట్టమ్మా, నిప్పు చల్లారుతుంది," అన్నాడు ఆయన. "సిరోపా ఆమెకే వేస్తాను, ఎవడు కాదంటాడో చూస్తాను అన్నాను. వద్దే వద్దన్నాడు. 'మీకెవరికీ తెలియకూడదని, నా పరువు కోసం లోకం నుంచి దాస్తోంది బాబాజీ. ఎంత జాగ్రత్తగా దాస్తోందో వింటుంటే నాకు కడుపు నిండిపోతుంది. దాచుకోనివ్వండి. నేను పోయాక చెప్పండి' అన్నాడు. వాడు పోయినప్పుడు నేను నాందేడ్‌లో ఉన్నాను. వెళ్ళేముందు జగ్‌తార్‌కి ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. ఈ గడబిడ అంతా నా వల్లే. క్షమించు."

గోనె చుడుతున్న జగ్‌తార్ సింగ్ చేతులు ఆగిపోయాయి. తల వంచుకునే ఉన్నాడు.

బిషన్ కౌర్ అలుగు కొన వైపు చూస్తూ కూర్చుంది. ఏటా కత్తులు తిరిగి పంపే రోజు ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, ఒక్కో కత్తి మీదా పెట్టించి, ఇది బాగా కుదిరిందా అని అడిగేది. పని ఆయనదే అన్నట్టు. ఆయన వేలితో పిడి మెడ దగ్గర తడిమి, కాస్త ఆలోచించినట్టు నటించి, "ఊఁ, కుదిరింది, ఈసారి నా చెయ్యి బాగా పడింది" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆమె అటు తిరిగి కళ్ళు తుడుచుకునేది, పాపం, పేరొక్కటే మిగిలింది కదా అని. అటు తిరిగిన సంగతి కూడా ఆయనకి తెలిసే ఉంటుంది.

తొమ్మిదేళ్ళు ఆయన పరువుని తను కాపాడుతున్నానని అనుకుంది. తొమ్మిదేళ్ళు తన పనిని ఆయన కాపాడాడు.

కన్నీళ్ళు వచ్చేశాయి. ఆపేందుకు చెయ్యి ఖాళీ లేదు. చెంపల మీదుగా కారి గడ్డం కింద చేరి, ఒళ్ళో పడుతున్నాయి. లోపల్నుంచి నవ్వు కూడా తన్నుకొస్తోంది. నవ్వితే కత్తి కదులుతుంది. పళ్ళు బిగబట్టింది.

"పొగా అత్తా?" అంది మేజో, తెలిసి కూడా.

"పొగ కాదే. మీ మావయ్య. దొంగమొహం! ఎంత అమాయకంగా కూర్చునేవాడే మంచం మీద! నన్ను పట్టుకుని తొమ్మిదేళ్ళు ఆడించాడు. బతికుండగా ఒక్కసారి చెప్పి ఉంటే కాళ్ళు కడిగి దణ్ణం పెట్టేదాన్ని కదే."

"అందుకే చెప్పి ఉండడు," అన్నాడు బాబా కేహర్ సింగ్. "వాడికి చలి ఎక్కువ."

అందరూ నవ్వారు. ఆమె మాత్రం ఊపిరి బిగబట్టి, భుజాలు అదరకుండా, కత్తిని నిటారుగా నిలిపి ఉంచింది. మేజో లేచొచ్చి తన చున్నీ చెంగుతో అత్త చెంపలు తుడిచింది, ఒకటి, తర్వాత రెండోది, గడ్డం కింద కూడా, పసిపిల్లకి తుడిచినట్టు. ఆ తుడవడం అయ్యేదాకా బిషన్ కౌర్ కళ్ళు మూసుకుంది.

లక్క గట్టిపడింది. పిడిలోంచి వెచ్చదనం అరచేతుల్లోకి దిగుతోంది. ఆమె కత్తిని వెంటనే వదల్లేదు. అలాగే వంగి పిడికి నుదురు ఆనించి, పెదాలు కదిలీ కదలకుండా ఏదో చెప్పుకుంది. ఎవరికి చెప్పిందో అక్కడున్న అందరికీ తెలిసింది. ఎవరూ అడగలేదు.

తర్వాత కత్తిని జగ్‌తార్ సింగ్ చేతికిచ్చింది. అతను రెండు చేతులూ చాచి అందుకున్నాడు.

"ఇంకా పదకొండు. పొద్దు గుంకేలోపు అయిపోవాలి," అంది. "తరవాతది అందుకో నాయనా."